స్ప్లిట్ కీబోర్డు కొనొచ్చా? కొనండి, కానీ తెలుగు కూడా కొట్టేవాళ్లయితే కీలు లెక్కపెట్టుకుని కొనండి

మీ ప్రశ్నను ముందు నాకు అర్థమైనంతలో చెప్పుకుంటాను. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రోజులో ఎక్కువ భాగం కీబోర్డు మీదే. రాత్రిళ్లు తెలుగులో కథలు రాస్తారు. కొన్నాళ్లుగా కుడి మణికట్టు, కుడి భుజం లాగుతున్నాయి. వీడియోల్లో రెండు ముక్కల మెకానికల్ కీబోర్డులు చూశారు. 30 వేల బడ్జెట్‌లో మూన్‌ల్యాండర్ లాంటిది బయటినుంచి తెప్పించుకోవాలా, లేక 42 కీల కోర్నే చాలా అన్నది మీ సందేహం. తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో, అంటే కీల మీద నేరుగా తెలుగు అక్షరాలుండే అమరికలో, కొడతానని చివర్లో ఒక్క ముక్క రాసి వదిలేశారు. మీరు ఏది కొనాలన్నది ఎక్కువగా తేల్చేది ఆ ముక్కే.

నా సమాధానం ఇది. కొనండి. మొదటిదే ఖరీదైనది వద్దు, మరీ చిన్నది అసలే వద్దు. అంకెల వరస ఉన్నది, కీల కింది స్విచ్‌లు టంకం అవసరం లేకుండా పీకి మార్చుకునే వీలున్నది, 58 కీల లిలీ58 తరహాది తీసుకోండి. బడ్జెట్‌లో సగం మిగులుతుంది. మిగిలిన దానిలో కొంత మౌస్ మీద, కొంత టేబుల్ ఎత్తు సరిచేసుకోవడం మీద పెట్టండి. వేళ్లలో తిమ్మిరి కూడా ఉంటే కీబోర్డు ఆర్డర్ పెట్టేముందే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

డాక్టర్ మాట వచ్చింది కాబట్టి అది ముందు ముగిస్తాను. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి, రాత్రి నిద్రలో చేయి విదిలించుకోవాల్సి వస్తుంటే అది మణికట్టు దగ్గర మీడియన్ నరం నొక్కుకుపోవడం కావచ్చు. కార్పల్ టన్నెల్ అనేది దీన్నే. చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారుతుంటే సమస్య చాలాసార్లు మోచేతి దగ్గరి అల్నర్ నరంలో ఉంటుంది. కీబోర్డు మార్చినా మోచేయి టేబుల్ అంచుకు ఆనించి కూర్చునే అలవాటు పోకపోతే ఇది తగ్గదు. ఏ నరమో నర్వ్ కండక్షన్ టెస్టులో తేలుతుంది. అది తేలకుండా మూడు నెలలు కొత్త కీబోర్డుతో ప్రయోగాలు చేయడం మంచిది కాదు.

స్ప్లిట్ కీబోర్డు మందు కాదు. రెండు చేతులూ భుజాల వెడల్పులో పెట్టుకుంటే మణికట్టు చిటికెన వేలి వైపు వంగకుండా నిటారుగా ఉంటుంది. ఇది కొలిచి చూపించిన అధ్యయనాలు 1990ల నుంచీ ఉన్నాయి. మణికట్టు నిటారుగా ఉన్నంత మాత్రాన వచ్చిన జబ్బు నయమవుతుందా అంటే, అంత గట్టిగా చెప్పే ఆధారం లేదు. కార్పల్ టన్నెల్‌కు ఎర్గోనమిక్ పరికరాలు పనిచేస్తాయా అని 2012లో వచ్చిన కోక్రేన్ సమీక్ష (జరిగిన వైద్య అధ్యయనాలను కలిపి తూచి చూసేది) కూడా చాలినంత ఆధారం లేదనే తేల్చింది. కాబట్టి నేను దీన్ని మంచి కుర్చీ లెక్కలోనే వేస్తాను. రోజంతా సుఖంగా ఉంటుంది, సాయంత్రానికి మెడ, భుజాలు తేలికగా ఉంటాయి. అంతకు మించి నేను మాటివ్వను.

ఇంకో అనుమానం. మీకు లాగేది కుడి చేయి మాత్రమే. టైపింగ్ రెండు చేతులతో చేస్తాం కదా, మరి ఎడమ చేయికి ఏమీ కాలేదెందుకు? నాకు మౌస్ మీద అనుమానం. నంబర్ ప్యాడ్ ఉన్న పెద్ద కీబోర్డు వాడుతుంటే మౌస్ ఆ ప్యాడ్‌కు అవతల, భుజానికి దూరంగా ఉంటుంది. రోజంతా చేయి చాచి పనిచేసినట్టే. మా పాత టీంలో ఒక టెస్టర్‌కు సరిగ్గా ఇదే నొప్పి ఉండేది. స్ప్లిట్ కీబోర్డు చూపించమని నా దగ్గరికి వచ్చాడు. ఒక వారం మౌస్ ఎడమ చేత్తో వాడి చూడమన్నాను. తిట్టుకుంటూనే వాడాడు. కుడి భుజం నొప్పి తగ్గింది. ఆ తర్వాత నంబర్ ప్యాడ్ లేని మామూలు కీబోర్డు, ఒక నిలువు మౌస్ కొనుక్కుని ఊరుకున్నాడు. మీరూ ఆ వారం ప్రయోగం చేయండి, పైసా ఖర్చు లేదు.

రెండో ప్రయోగానికీ ఖర్చు లేదు. ఇంట్లోనో ఆఫీసులోనో రెండు పాత యూఎస్‌బీ కీబోర్డులు దొరికితే రెండూ ఒకే లాప్‌టాప్‌కు పెట్టండి. ఎడమ చేతికి ఒకటి, కుడి చేతికి ఒకటి, మధ్యలో జానెడున్నర ఎడం. విండోస్‌లో ఒకదాని మీద షిఫ్ట్ నొక్కి రెండోదాని మీద అక్షరం కొడితే మామూలుగానే పనిచేస్తుంది. మ్యాక్‌లో అలా కలవదు, దానికి కారాబినర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి. చూడ్డానికి నవ్వొచ్చేలా ఉంటుంది, కాకపోతే చేతులు విడివిడిగా పెడితే మీ భుజాలు ఏమంటాయో రెండు రోజుల్లో తెలిసిపోతుంది. ఇంకోటి కూడా బయటపడుతుంది: 'బి' అక్షరం మీరు ఏ చేత్తో కొడతారో! టైపింగ్ పద్ధతిగా నేర్చుకోనివాళ్లు చాలామంది 'బి'ని కుడి చేత్తో కొడతారు. స్ప్లిట్ కీబోర్డులో అది ఎడమ ముక్కలో ఉంటుంది. మొదటి వారం కుడి చూపుడువేలు ఖాళీ టేబుల్‌ను పొడుస్తూనే ఉంటుంది.

ఇక ఏది కొనాలన్నది.

మార్కెట్లో ఉన్నవాటిని నేను మూడు రకాలుగా చూస్తాను. మొదటిది, మామూలు కీబోర్డును మధ్యకు కోసినట్టుండేవి. కీక్రాన్ క్యూ11 ఈ రకం. వరసలు మనకు అలవాటైన పద్ధతిలోనే పక్కకు జరిగి ఉంటాయి, ఫంక్షన్ కీలు, బాణాలు అన్నీ ఉంటాయి. కొత్తగా నేర్చుకోవాల్సింది దాదాపు ఏమీ లేదు. అల్యూమినియం దిమ్మలు కాబట్టి బరువెక్కువ, బ్యాగులో వేసుకుని తిరగలేరు. లోపలి అంచు పైకి లేపే ఏర్పాటు దానితో రాదు. రెండోది, నిలువు వరసలు వేళ్ల పొడవును బట్టి పైకీ కిందికీ జరిగి ఉండేవి, బొటనవేళ్లకు ప్రత్యేకంగా కీలుండేవి. ఎర్గోడాక్స్, మూన్‌ల్యాండర్, లిలీ58, సోఫ్లే, కోర్నే అన్నీ ఈ కుటుంబమే. మూడోది కినెసిస్ అడ్వాంటేజ్360 లాంటి గుంట ఆకారం. వేళ్లకు ఇంతకంటే సుఖమైనది నేను వాడలేదు. అయితే ధర, సైజు రెండూ మీ లెక్కకు అందవు.

మీరు అడిగిన మూన్‌ల్యాండర్ మంచిదే. 72 కీలు, దానికే కాళ్లుంటాయి, లేఅవుట్ (ఏ కీ కొడితే ఏది రావాలన్న అమరిక) మార్చుకునే వెబ్‌సైటు చాలా తేలిక. కంపెనీ చెప్పే ధర 365 డాలర్లు. దాన్ని రూపాయల్లోకి మార్చి షిప్పింగ్, కస్టమ్స్, జీఎస్టీ, కొరియర్ వాడి క్లియరెన్స్ చార్జీ కలపండి, 30 వేలు ఎప్పుడో దాటిపోతుంది. అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత తెప్పించుకోవచ్చు, చాలామంది అదే చేస్తారు. కానీ వారంటీలో ఏదైనా వస్తే వెనక్కి పంపే ఖర్చు ఎవరిదో ముందే ఆలోచించుకోండి. నచ్చుతుందో లేదో తెలియని వస్తువు మీద అంత పెట్టమని నేను ఎవరికీ చెప్పను. ఏడాది వాడాక అప్పుడు మూన్‌ల్యాండర్ కొంటే, అందులో మీకు కావలసింది ఏమిటో తెలిసి కొంటారు.

లిలీ58, సోఫ్లే, కోర్నే మూడూ ఓపెన్‌సోర్స్ డిజైన్లు. ఎవరైనా బోర్డు అచ్చు వేయించి అమ్మవచ్చు. అందుకే మన దేశంలోని మెకానికల్ కీబోర్డు దుకాణాల్లోనూ, అభిరుచి ఉన్నవాళ్ల గ్రూపుల్లోనూ కిట్లుగా, టంకం వేసి సిద్ధం చేసినవిగా దొరుకుతుంటాయి. స్విచ్‌లు, కీక్యాప్‌లతో కలిపి పది పదిహేను వేలలో అయిపోతుంది. ఇంకో లాభం, పాడైతే మనమే బాగుచేసుకోవచ్చు. బోర్డు మీద ఉండేది డయోడ్లు, సాకెట్లు, ఒక చిన్న కంట్రోలర్, అంతే. కోఠి గుజరాతీ గల్లీలో సోల్డరింగ్ ఐరన్, డయోడ్లు చిల్లర డబ్బులకు దొరుకుతాయి. టంకం వేయడం రాకపోతే సిద్ధం చేసినదే కొనండి, అందులో నామోషీ ఏమీ లేదు.

మరి ఈ మూడింట్లో లిలీ58 అనే ఎందుకు అంటున్నాను? ఇక్కడే మీ ఇన్‌స్క్రిప్ట్ వస్తుంది.

ఇన్‌స్క్రిప్ట్‌లో అచ్చులు, గుణింతాల గుర్తులు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి ఉంటాయని మీకు తెలుసు. మ, న, వ మాత్రం ఎడమవైపు కింది వరసలో ఉంటాయి. హల్లు కుడిచేత్తో, గుణింతం ఎడమచేత్తో, మళ్లీ కుడి, మళ్లీ ఎడమ. స్ప్లిట్ కీబోర్డు మీద ఈ లయ భలే కుదురుతుంది. ఇంగ్లిష్ కంటే తెలుగే హాయిగా కొడతాను నేను. కానీ ఇబ్బంది ఎక్కడంటే, కుడిచేతి వైపు ఇన్‌స్క్రిప్ట్ ఇంగ్లిష్ అక్షరాలతో ఆగదు. 'పి' పక్కన చదరపు బ్రాకెట్ కీ మీద డ, ఢ ఉంటాయి. సెమీకోలన్ మీద చ, కొటేషన్ గుర్తు మీద ట, స్లాష్ మీద య. సమాన గుర్తు కీ మీద వట్రసుడి. పై అంకెల వరసలో షిఫ్ట్ నొక్కితే క్ష, త్ర, జ్ఞ, శ్ర వస్తాయి.

42 కీల కోర్నేలో 'పి' తర్వాత ఒక్క నిలువు వరసే ఉంటుంది. అందులో పైన బ్యాక్‌స్పేస్, మధ్యలో కొటేషన్ గుర్తు, కింద షిఫ్ట్ పెట్టుకుంటారు. అంటే ట దొరుకుతుంది, డ దొరకదు. అంకెల వరస లేదు, సమాన గుర్తు లేదు. డ కావాలంటే బొటనవేలితో ఒక లేయర్ కీ (పట్టుకున్నంతసేపు మిగతా కీల పని మార్చేసేది) నొక్కిపట్టి ఇంకో కీ కొట్టాలి. ఇంగ్లిష్‌లో ప్రోగ్రామర్‌కు చదరపు బ్రాకెట్ అప్పుడప్పుడూ కావాలి, లేయర్‌లో ఉన్నా సర్దుకుపోతాడు. తెలుగులో డ లేకుండా ఒక్క పేరా రాయండి చూద్దాం! వాడు, ఆడు, చూడు, ఎక్కడ, అక్కడ, ఉండు... ప్రతి వాక్యంలో రెండు మూడుసార్లు వస్తుంది. ఇంగ్లిష్ వీడియోల్లో 36 కీలు చాలు, 34 చాలు అని చెప్పేవాళ్ల మాట వాళ్ల భాషకు సరిపోతుంది. మన అక్షరాలకు చాలదు.

లిలీ58లో అంకెల వరస ఉంది. పైగా రెండు ముక్కల లోపలి అంచున, 'బి'కి పక్కన ఒకటి, 'ఎన్'కు పక్కన ఒకటి అదనపు కీలుంటాయి. వాటి మీద డిఫాల్ట్‌గా ఉండేవి రెండు చదరపు బ్రాకెట్లే. నేను తెరిచే బ్రాకెట్‌ను కుడి ముక్క లోపలి కీ మీదకు మార్చుకున్నాను, కుడి చూపుడువేలు కొంచెం లోపలికి జరిపితే డ. రెండో రోజుకే అలవాటైంది. సోఫ్లేలో ఆ చోట తిప్పే నాబ్‌లు ఉంటాయి. శబ్దం పెంచుకోవడానికి, తగ్గించుకోవడానికి ముచ్చటగానే ఉంటాయి, కానీ మీకు నాబ్ కంటే డ ముఖ్యం కదా.

ఇప్పటికే కోర్నే చేతిలో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే: కాంబో పెట్టుకోండి. 'ఓ', 'పి' రెండు కీలు ఒకేసారి నొక్కితే చదరపు బ్రాకెట్ వచ్చేలా, అంటే ద, జ కలిపి నొక్కితే డ. వయల్ అనే ఫర్మ్‌వేర్‌లో (కీబోర్డు లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ఇది మౌస్‌తోనే సెట్ చేసుకోవచ్చు. చేత్తో కోడ్ రాసుకునేవాళ్లకు క్యూఎంకే అనే ఫర్మ్‌వేర్‌లోనూ ఉంది.

ఇంకో హెచ్చరిక కూడా తెలుగువాళ్లకే. స్ప్లిట్ కీబోర్డు కొన్నవాళ్లకు ఆ ఊపులో కోల్‌మాక్, డ్వొరాక్ లాంటి కొత్త లేఅవుట్లు కూడా నేర్చుకోవాలనిపిస్తుంది. ఆ మార్పు కీబోర్డు ఫర్మ్‌వేర్‌లో చేస్తే ఇన్‌స్క్రిప్ట్ మొత్తం చెల్లాచెదురు అవుతుంది. ఎందుకంటే విండోస్ చూసేది కీ నుంచి వచ్చే కోడ్‌ను. మీరు ఇంగ్లిష్ అక్షరాలను చోటు మారిస్తే వాటి వెంట తెలుగు అక్షరాలూ కదిలిపోతాయి. తప్పదనుకుంటే తెలుగు కోసం క్వెర్టీ, అంటే మనకు అలవాటైన మామూలు ఇంగ్లిష్ అమరికను, ఒక లేయర్‌గా విడిగా ఉంచుకుని, ఒక కీతో అటూ ఇటూ మారండి. నా మట్టుకు నేను క్వెర్టీని కదపలేదు, కదపాల్సిన అవసరం కూడా కనిపించలేదు.

ఫొనెటిక్‌లో, అంటే లేఖిని పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్లకు ఈ డ బాధ లేదు. వాళ్లకు షిఫ్ట్ పని ఎక్కువ. ణ, ళ, ట, డ అన్నిటికీ పెద్ద అక్షరాలు కావాలి. వాళ్లు షిఫ్ట్‌ను చిటికెన వేలి నుంచి తీసి బొటనవేలి కీ మీద పెట్టుకుంటే పెద్ద ఉపశమనం.

విజయవాడలో మా బంధువొకాయన డీటీపీ చేస్తాడు. పాత ఫాంట్లు, ఆల్ట్ నొక్కి నంబర్ ప్యాడ్ మీద కోడ్లు కొట్టే అలవాటు, చేతులు చూడకుండా నిమిషాల్లో పేజీ దించేస్తాడు. నాది చూసి ఆయనా అడిగాడు. వద్దు బాబాయ్ అన్నాను. నంబర్ ప్యాడ్‌ను లేయర్‌లో పెట్టి ఆల్ట్ కోడ్లు పనిచేయించవచ్చు, సాంకేతికంగా అడ్డేమీ లేదు. కానీ పేజీకింత అని సంపాదించే మనిషికి మూడు నాలుగు వారాల నెమ్మది అంటే ఆదాయంలో కోతే. మోచేతి ఎత్తుకు టేబుల్ తగ్గించుకోమన్నాను, ఆయనకు అదే సరిపోయింది.

స్విచ్‌ల గురించి ఎక్కువ చెప్పను, అది అంతులేని పిచ్చి. ఆఫీసుకు తీసుకెళ్తారు కాబట్టి టకటకమనే నీలం రకం వద్దు, పక్క సీటువాళ్లు ఊరుకోరు. వేళ్లు అలసిపోకుండా ఉండాలంటే 45 గ్రాముల చుట్టుపక్కల బరువుతో నొక్కితే దిగే లీనియర్ (నున్నగా దిగేది) గానీ, మెత్తని టాక్టైల్ (మధ్యలో చిన్న తట్టు తెలిసేది) గానీ తీసుకోండి. సాకెట్ల బోర్డయితే నచ్చకపోయినా పీకేసి వేరేవి పెట్టుకోవచ్చు. ఇక్కడ చూసుకోవాల్సింది ఒకటే: మామూలు ఎత్తువా, పొట్టివా? కైల్ చాక్ అనే పొట్టి స్విచ్‌లకు వేరే బోర్డు, వేరే కీక్యాప్‌లు కావాలి. మొదటి తరం చాక్‌కు మామూలు చెర్రీ కీక్యాప్‌లు పట్టవు. పొట్టివి మణికట్టుకు మంచివే, కానీ మన దగ్గర కీక్యాప్‌ల ఎంపిక తక్కువ.

కీక్యాప్‌ల దగ్గర కొత్తవాళ్లు ఒకచోట చిక్కుకుంటారు. 104 కీల మామూలు సెట్ కొంటే స్పేస్‌బార్, పొడుగు షిఫ్ట్, ఎంటర్ అన్నీ వృథా. బొటనవేలి దగ్గర కావలసినవి చిన్న కీలు, అవి ఆ సెట్లో చాలినన్ని ఉండవు. అన్ని వరసలకూ ఒకే ఎత్తున్న ప్రొఫైల్, ఎక్స్‌డీఏ గానీ డీఎస్‌ఏ గానీ తీసుకుంటే ఏ కీ ఎక్కడైనా పెట్టుకోవచ్చు. అక్షరాలు లేని ఖాళీ కీక్యాప్‌లు ఫొటోలో బాగుంటాయి. పాస్‌వర్డ్‌లో డాలర్ గుర్తు ఎక్కడుందో వెతుక్కునేటప్పుడు తెలుస్తుంది ఆ అందం ఖరీదు.

వైర్‌లెస్ కావాలా అని కూడా అడిగారు. మొదటిదానికి వద్దంటాను. ముక్కకొక బ్యాటరీ, రెండూ చార్జింగ్, పైగా లాప్‌టాప్‌తో మాట్లాడే ముక్క బ్యాటరీ రెండోదానికంటే చాలా ముందే అయిపోతుంది. వైరుతో వచ్చే క్యూఎంకే బోర్డులకు లేఅవుట్ మార్చుకోవడం సులభం. అయితే ఆ రెండు ముక్కలనూ కలిపే వైరు చాలా బోర్డుల్లో ఇయర్‌ఫోన్ పిన్ను లాంటి టీఆర్‌ఆర్‌ఎస్ వైరు. యూఎస్‌బీ పెట్టి ఉండగా ఆ వైరును పెట్టడం, పీకడం చేయకండి. పిన్ను లోపలికి జారేటప్పుడు కరెంటు గీత, డేటా గీత ఒకదానికొకటి తగిలి కంట్రోలర్ పోతుంది. నాకు తెలిసిన కుర్రాడిది కొన్న వారంలోనే అలా పోయింది. ముందు యూఎస్‌బీ తీయాలి, తర్వాతే ఇది.

కొన్నాక పెట్టుకునే పద్ధతి మీదే సగం ఫలితం ఉంది. చాలామంది రెండు ముక్కలనూ నాలుగు వేళ్ల ఎడంలో పెట్టి వాడతారు. అందుకైతే ఇంత ఖర్చెందుకు? భుజాల నుంచి చేతులు నేరుగా ముందుకు చాచినప్పుడు అరచేతులు ఎక్కడ పడతాయో అక్కడ ఉండాలి ముక్కలు. మధ్యలో ఖాళీ చోటు వస్తుంది, నేను అక్కడ ట్రాక్‌ప్యాడ్ పెట్టుకుంటాను, చేయి పక్కకు చాచే పనే లేదు. మీ భుజం నొప్పికి అసలు మందు బహుశా ఇదే. (టీ గ్లాసు అక్కడ పెట్టకండి, ఎంత బుద్ధి పుట్టినా సరే.)

తర్వాత ఎత్తు. మన ఆఫీసు టేబుళ్లు సుమారు 75 సెంటీమీటర్లుంటాయి. ఐదడుగుల నాలుగంగుళాల మనిషికి అది ఎక్కువ. దానిమీద మెకానికల్ కీబోర్డు మందం కలిస్తే మణికట్టు పైకి మడిచి కొట్టాల్సి వస్తుంది. కుర్చీ పైకి లేపండి, కాళ్లు నేలకు అందకపోతే కింద ఏదైనా పీట వేసుకోండి. కీబోర్డు వెనక కాళ్లు మాత్రం ఎప్పుడూ లేపకండి. వెనక వైపు ఎత్తయిన కొద్దీ మణికట్టు ఇంకా మడత పడుతుంది.

లోపలి అంచులను పైకి లేపడాన్ని టెంటింగ్ అంటారు. అరచేతులు పూర్తిగా కిందికి తిరగకుండా కొంచెం కరచాలనం చేసే భంగిమలో ఉంటాయి. దీనికోసం ఖరీదైన స్టాండ్లు కొనకముందు రెండు పాత పుస్తకాలు పెట్టి చూడండి. మొదట 10 డిగ్రీలు చాలు. వీడియోల్లో నిలువుగా గోడల్లా నిలబెట్టి వాడేవాళ్లను చూసి మొదలుపెట్టకండి. అంత వాలు మీద కింది వరస కీలు కనపడవు, చేయి జారిపోతుంది. ముక్కను లేపితే అరచేతి దిండు కూడా అంతే లేవాలి, లేకపోతే మణికట్టు గాల్లో వేలాడుతూ కొత్త నొప్పి తెచ్చుకుంటారు.

నేర్చుకునే రోజుల సంగతి. మొదటి వారం మీ వేగం సగానికి పడిపోతుంది, ఆఫీసులో చాట్‌కు జవాబివ్వడమే పరీక్షలా ఉంటుంది. డెడ్‌లైన్ ఉన్న వారంలో మొదలుపెడితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. రోజూ సాయంత్రం ఇంట్లో అరగంట కొట్టండి, కాస్త చేయి తిరిగాక ఆఫీసుకు పట్టుకెళ్లండి. మూడు నాలుగు వారాల్లో పాత వేగానికి దగ్గరకొస్తారు. లాప్‌టాప్ కీబోర్డు మరిచిపోతానేమో అని చాలామంది భయపడతారు. మరిచిపోరు, రెండూ విడివిడిగా గుర్తుంటాయి. వేగం పెరుగుతుందా అంటే, నాకైతే పెరగలేదు. దానికోసం కొనకండి.

బొటనవేళ్ల కీల మీద స్పేస్, ఎంటర్, బ్యాక్‌స్పేస్ పెట్టుకోండి. రోజుకు కొన్ని వేలసార్లు చిటికెన వేలు చాచే పని తప్పుతుంది. కానీ ఉన్న బరువంతా బొటనవేలి మీదే వేయకండి. మరీ లోపలికి మడిచి కొట్టాల్సిన కీలకు అరుదైన పనులే ఇవ్వండి. మణికట్టు బాగుపడి బొటనవేలి మొదట్లో నొప్పి తెచ్చుకున్నవాళ్లను చూశాను.

హోమ్ రో మాడ్స్ అని వింటారు. మధ్య వరస అక్షరాలనే నొక్కిపడితే కంట్రోల్, షిఫ్ట్ అయ్యేలా పెట్టుకోవడం. మొదటి రెండు నెలలు దాని జోలికి పోకండి. కొట్టడమా, పట్టుకోవడమా అని కీబోర్డు తేల్చుకునే గడువు క్యూఎంకేలో డిఫాల్ట్‌గా 200 మిల్లీసెకన్లు. కొత్తలో మన వేళ్లు నెమ్మదిగా కదులుతాయి కాబట్టి అక్షరం కొట్టాల్సిన చోట ఏ ఫైలో మూసుకుపోతుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో ఆ వరస మీదే పొల్లు, ఇకారం, ఉకారం, ర, క, త ఉన్నాయి. మాటమాటకూ తగిలేవన్నీ అక్కడే.

ఆఫీసు లాప్‌టాప్ విషయం ఒకటి. కీబోర్డుగా పెట్టుకోవడానికి సాధారణంగా అడ్డుండదు, పెన్‌డ్రైవ్‌లు బంద్ చేసిన చోట కూడా నడుస్తుంది. మీ కంపెనీ నియమం మాత్రం ఐటీవాళ్లను ఒకమాట అడగండి. లేఅవుట్ మార్చే వయా, వయల్ వెబ్ పేజీలు క్రోమ్ తరహా బ్రౌజర్లలోనే పనిచేస్తాయి, ఫైర్‌ఫాక్స్‌లో పనిచేయవు. ఆఫీసు మెషిన్‌లో వాటిని తెరవాల్సిన పనే లేదు. ఇంటి లాప్‌టాప్‌లో సెట్ చేసుకోండి. మార్పులు కీబోర్డు లోపలే దాచుకుంటుంది, ఎక్కడ పెట్టినా అవే వస్తాయి.

కొనేముందు ఎవరిదైనా అరగంట వాడి చూడగలిగితే ఇంకా మంచిది. హైదరాబాద్‌లో ఈ పిచ్చి ఉన్నవాళ్లు తక్కువేమీ లేరు, కీబోర్డు గ్రూపుల్లో అడిగితే చూపించడానికి సంతోషంగా ఒప్పుకుంటారు. సెకండ్ హ్యాండ్‌వి కూడా అక్కడే దొరుకుతాయి. 36 కీలవి కొని నెల తిరక్కుండా అమ్మేసేవాళ్లే ఎక్కువ, 58 కీలవి అమ్మకానికి వచ్చేది తక్కువ.

ముందు ఆ మౌస్ ప్రయోగం, రెండు కీబోర్డుల ప్రయోగం చేసి ఏమైందో ఇక్కడే రాయండి. మీ లాప్‌టాప్ విండోసా, మ్యాకా, 'బి' ఏ చేత్తో కొడుతున్నారు అన్నవి కూడా చెబితే డ, వట్రసుడి, ఒత్తులు అన్నీ కుదిరిన నా లిలీ58 కీమ్యాప్‌ను మీకు తగ్గట్టు మార్చి పెడతాను.